చంద్రమోహన్ వంతు కాయలు

దయ్యం కథ చెప్పేవాడికి కనీసం ఒక అర్ధరాత్రయినా ఉండాలి. నాకు అది కూడా దొరకలేదు. నాకు జరిగింది ఆదివారం మధ్యాహ్నం, పప్పన్నం తిని తేన్పులు వస్తున్న వేళ, ఉరవకొండలో మా నాయన మూసేసిన శెనక్కాయల మిల్లులో. రాత్రిపూట ఆడుకోవచ్చు గదా అని ఎవరైనా అడిగితే, విజయభాస్కర్‌కు గుంతకల్లు బస్సు దొరకదని చెప్పేవాళ్ళం. అసలు సంగతి వేరే. చీకటి పడ్డాక ఆ మిల్లులో నేను ఒక్క నిమిషం ఉండను. మా గుంపులో రాక్షసుల కథలు చెప్పేది నేనే, వాటికి భయపడేదీ నేనే.

మా ఆట సంగతి ముందు చెప్పాలి. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక పాత్ర. కొండలు, గుహలు, శాపాలు, యుద్ధాలు. కత్తి దూస్తే తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. గెలిచేకొద్దీ పాత్రకు లెవెల్ పెరుగుతుంది, పెరిగినప్పుడల్లా ఒక కొత్త శక్తి వస్తుంది. అంతే. పాచికలు చూసి మా నాయన బదరీనారాయణ మొదట మట్కా అనుకున్నాడు. కాదని తెలిసినాక ఇంకా బాధపడ్డాడు. "మట్కా అయితే పోలీసోళ్ళు పట్టుకోనిపోయి బుద్ధి చెప్పేవాళ్ళు. దీనికి ఎవురు చెప్పాల?" అన్నాడు.

ఆట పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. నేను ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి. సగం అర్థం చేసుకుని, మిగతా సగం సొంతంగా కల్పించి, నోరు పెద్దది కాబట్టి కథ చెప్పే పని నేనే తీసుకున్నాను. అట్లా కల్పించిన వాటిలో ఒక రూలు అంటే నాకు మహా గర్వం. పాత్రల ప్రాణాలు మేం కాగితం మీద రాయం, శెనక్కాయలతో లెక్క. ఒక్కొక్కరి ముందు ఒక డబ్బా మూత, అందులో కాయల కుప్ప. దెబ్బ తగిలితే ఒక కాయ ఒలుచుకుని తినాలి. కుప్ప అయిపోతే పాత్ర చచ్చినట్టు. దెబ్బలు తింటున్నకొద్దీ కడుపు నిండే యుద్ధం ప్రపంచంలో మాదొక్కటే అని చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం లేదు.

ఆడేవాళ్ళు ముగ్గురు. జాయ్ ఆస్పత్రిలో నర్సు, ఆటలో కత్తి పట్టిన వజ్రమ్మ. విజయభాస్కర్ రైల్వేలో పని, ఆటలో పిల్లిరాజు అనే దొంగ. వీడికి శెనక్కాయ పడదు. అనంతపురం జిల్లాలో పుట్టి శెనక్కాయ పడనివాడు వీడొక్కడే అయి ఉంటాడు. ఒకసారి పెండ్లిలో తెలియక చట్నీ నాకినందుకు పెదవులు వంకాయల్లా ఉబ్బి, గొంతు పూడిపోయి, పిల్లికూన మూలిగినట్టు సన్నగా ఊపిరి తీశాడు. జాయ్ ఇంజెక్షన్ చేయకపోతే ఆ రోజే పోయేవాడు. అప్పటినుంచి ఆమె సంచిలో వాడికోసం ఒక ఇంజెక్షన్ ఎప్పుడూ ఉంటుంది. ఆటలో వాడి ప్రాణాలకు చింతగింజలు పెట్టాం.

మూడోవాడు చంద్రమోహన్. బోర్లు వేసే లారీలో పని. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేలల్లో నడిచి, నీళ్ళు యాడుండేదీ చూసి చెప్పేవాడు కూడా. నీళ్ళు పడిన బోర్ల గురించి చాలా సేపు చెప్పేవాడు. పడనివాటి గురించి అడిగితే మాట మార్చేవాడు. ఆటలో అతనిది గంగసిద్ధుడు, మంత్రగాడు. నన్ను "సావుకారీ" అని వెక్కిరించేది అతనొక్కడే. కాయను ఒలిచేవాడు కాదు. నుదుటికేసి కొట్టేవాడు. టప్! తొక్క నీటుగా రెండుగా చీలేది. మేమూ ప్రయత్నించాం. నాకు బొప్పి కట్టింది.

పదో లెవెల్ అంటే అతనికి పిచ్చి. "పదో లెవెల్‌లో నేనేం తీసుకుంటానో ఎవురికీ చెప్పను సావుకారీ. మీరే చూస్తారు" అనేవాడు. తొమ్మిదిలో ఉండగానే పోయాడు. చలికాలం చివర్లో, కూడేరు దారిలో, ఆగి ఉన్న ట్రాక్టరును బండితో వెనకనుంచి గుద్ది.

నేను అప్పుడు ఒక పని చేశాను. ఆట చెప్పేవాడిగా గంగసిద్ధుణ్ణి కథలో చంపేయాలి. చేతకాలేదు. "గంగసిద్ధుడు తపస్సులో కూర్చున్నాడు" అన్నాను. అతని కుర్చీ తీయలేదు. అతని డబ్బా మూత, అందులో కాయలు, అట్లే ఉంచాం.

రెండు మూడు వారాలకు ఆ కాయలు తగ్గడం మొదలైంది.

ఆదివారం షట్టర్ ఎత్తి చూస్తే కుర్చీ కింద తొక్కలు. ఎలుకలనుకున్నాం. ఎలుక కొరుకుతుంది. ఈ తొక్కలు నీటుగా రెండుగా చీలి ఉన్నాయి. మిల్లు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కాబట్టి అనుమానం నా మీదికి వచ్చింది. నిజం చెప్పాలంటే నేనూ నన్నే అనుమానించాను. ఎదురుగా ఏదుంటే అది తినే అలవాటు నాకుంది. ఒకసారి ఆలోచిస్తూ పాచిక కొరికాను.

"భరతన్నా, సచ్చినోని వంతు తింటాండావే, నీకు మనసెట్లొచ్చింది?" అంది జాయ్.

"నేను తిన్లేదమ్మా. నీ బరువెందుకు పెరిగిందో నువ్వు చెప్పు."

"మీరిద్దరూ తేల్చుకోండప్పా. నా మీదికి మాత్రం రావద్దండి" అన్నాడు విజయభాస్కర్ చేతులెత్తి. నిజమే, ఆ గుంపులో అనుమానించడానికి వీల్లేనివాడు వాడొక్కడే. జాయ్ నన్ను, నేను జాయ్‌ను ఓరకంట చూసుకుంటూ ఆడాం. ఒకవారం బల్ల మీద పొట్టుదుమ్ము పలచగా చల్లి పోయాను. మరుసటి వారం దుమ్ము చెదరలేదు. కాయలు తగ్గాయి.

ఆ సంగతి ఇద్దరికీ చెప్పలేదు. దుమ్ము చల్లి దయ్యాన్ని పట్టబోయానని తెలిస్తే బతికినన్నాళ్ళు నవ్వుతారు.

మే నెలలో ఆ ఆదివారం వచ్చింది. ఆకాశం మట్టిరంగులో ఉంది. మిల్లు రేకులు ఎండకు టిక్కు టిక్కుమంటున్నాయి. లోపల పాత నూనె వాసన, గోనెసంచుల వాసన, మూలన పొట్టు మక్కిన వాసన. ముందువారం పెద్ద రాక్షసుణ్ణి చంపాం కాబట్టి అందరికీ పదో లెవెల్ రావాలి. అప్పుడే చంద్రమోహన్ వాళ్ళమ్మ కదిరమ్మ వచ్చింది. చేతిలో ఒక చిన్న సంచి.

"మావోడు యేసిన చేనిదప్పా. వాన లేక కాయ పట్టలేదు. ఉండేదాంట్లోనే గట్టికాయలు ఒక్కొక్కటే ఊపి చూసి ఏరినా" అని సంచి బల్ల మీద పెట్టింది. "ఈపొద్దు మీకందరికీ పెద్ద లెక్క వస్తాదంట గదా. వాడు కలవరించేవాడు. పోయినాడని వాణ్ణి ఆటలోనుంచి తీసేస్తారా?"

"తీసేయలేదమ్మా" అన్నాను.

"అయితే వాని వంతు వానికి పెట్టు."

దోసెడు కాయలు తీసి ఆయమ్మే అతని మూతలో పోసింది. ఖాళీ కుర్చీ వీపును ఒకసారి చేత్తో నిమిరింది. వెళ్ళిపోయింది.

ఇక ఎవరు వద్దంటారు? గంగసిద్ధుడికి కూడా లెవెల్ పెంచుదామన్నాం. జాయ్ మంచి పనే అంది. విజయభాస్కర్ కళ్ళు తుడుచుకున్నాడు. వాడికి నెల కిందటే కూతురు పుట్టింది, ఏ చిన్నదానికైనా కళ్ళలో నీళ్ళు తెచ్చుకుంటున్నాడు.

వజ్రమ్మ, పిల్లిరాజు కొత్త శక్తులు ఎంచుకునేసరికి గాలిదుమారం లేచింది. ఎర్రమట్టి లోపలికి కొట్టింది. షట్టర్ దించేశాం. కరెంటు పోయింది. మధ్యాహ్నమే మిల్లు బావిలా అయింది. విజయభాస్కర్ సెల్లు లైటు వేసి పట్టుకున్నాడు. రేకుల మీద ఇసుక గీరుతోంది.

అలవాటు కొద్దీ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, కథ చెప్పే గొంతుతో అడిగాను. "గంగసిద్ధా! నీ తపస్సు ఫలించింది. ఏం కావాలో కోరుకో."

జాయ్ నవ్వింది. నేను పుస్తకం చూసి శక్తులు ఒక్కొక్కటే చదివాను.

"కూలిన గోడను నిలబెట్టేది..."

గాలి చప్పుడు.

"పిడుగును పిలిచేది..."

ఇసుక.

"మార్పిడి. తన కంటికి కనిపించే తోడువాళ్ళలో ఒకరి చోటికి తాను, తన చోటికి వాళ్ళు..."

టప్.

ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. నా చేతుల్లో పుస్తకం ఉంది. విజయభాస్కర్ చేతిలో సెల్లు. జాయ్ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"ఎవురది?" అన్నాను. జాయ్ నన్నే చూస్తోంది.

"నువ్వే ఏదో చేసినావన్నా. భయపెట్టాలని."

"నా మొగం చూసి చెప్పు. ఇది భయపెట్టేవాడి మొగమా?"

విజయభాస్కర్ మెల్లగా లైటు ఖాళీ కుర్చీ వైపు తిప్పాడు. కుర్చీ కింద ఒక తొక్క. రెండుగా చీలి, ఇంకా కదులుతోంది.

జాయ్ గొంతు తగ్గించింది. "అన్నా... మార్పిడి అంటే, ఆయప్ప మనలో ఒకరి చోటికి వస్తాడా?"

"ఆటలో."

"ఒకరు ఆయప్ప చోటికి పోవాల?"

"ఆటలో జాయ్. ఆటలో."

"ఆయప్ప చోటు ఇప్పుడు యాడుండాదన్నా?"

రుద్రభూమిలో, రాళ్ళు పేర్చిన దిబ్బ కింద. ముగ్గురం ఒకేసారి మనసులో అదే చూశామని తెలుసు.

"ఆట ఆపేయ్ భరతా" అన్నాడు విజయభాస్కర్. "ఇంటికి పోతా నేను. పాప ఎదురు చూస్తాంటాది." నెల పిల్ల ఎదురు చూడదు. కానీ ఎవరూ నవ్వలేదు.

ఆట ఆపడానికి నాకు ఒక్కటే దారి తెలుసు. చలికాలంలో చేయాల్సిన పని. గొంతు సవరించుకున్నాను. "గంగసిద్ధుడి మీద కొండ విరిగి పడింది" అన్నాను. "ప్రాణాలన్నీ పోయినాయి."

నా రూలు ప్రకారం ప్రాణాలు పోవాలంటే కాయలు తినాలి.

మూత నా ముందుకు లాక్కున్నాను. ఒక కాయ ఒలిచాను. గింజ లేదు. ఇంకోటి. డొల్ల. జాయ్ కూడా మూతలో చెయ్యి పెట్టింది. "కరువు కాయలు గదా..." అంటూ ఒలిచింది. డొల్ల. కదిరమ్మ ఒక్కొక్క కాయా ఊపి చూసి ఏరినవి. చేతిలో బరువుగా ఉన్నాయి. ఊపితే గలగలమంటున్నాయి. ఒలిస్తే... ఏమీ లేదు. పగుళ్ళు లేవు, పురుగు బొక్క లేదు. లోపల నున్నగా, శుభ్రంగా... ఎవరో ముందే తిని మూసిపెట్టినట్టు.

ఇంకోటి. డొల్ల.

ఇంకోటి...

"ఇవి తినేదానికి అయితాలేదన్నా" అంది జాయ్. ఏడుపు గొంతు. "ఆయప్పను ఎట్ల సంపుతావు?"

సెల్లు లైటు ఆరిపోయింది.

"చార్జింగ్ ఉండాది" అని గొణిగాడు విజయభాస్కర్. "ఇప్పుడే చూసినా... ఉండాది..."

బల్ల మీద పాచిక దొర్లింది. నిదానంగా. ఒక్కొక్క ముఖం మీద పడి లేస్తూ... గలక్... గలక్... ఆగింది.

గాలి కూడా ఆగినట్టుంది. బోరు వేసేటప్పుడు పైకి వచ్చే తడి రాతిపొడి వాసన ముక్కుకు తగిలింది.

టప్.

కుర్చీ దగ్గర కాదు. విజయభాస్కర్ నిలబడిన చోట.

ఆ వెంటనే ఖాళీ కుర్చీ వైపు నుంచి ఇంకో చప్పుడు. సన్నగా... పిల్లికూన మూలిగినట్టు... రెండుసార్లు. మూడోది సగంలో తెగిపోయింది.

కరెంటు వచ్చింది.

విజయభాస్కర్ ఉన్నచోటే ఉన్నాడు. ఒంటి మీద గీత కూడా లేదు. జాయ్ వాడి రెండు భుజాలూ పట్టుకుని ఊపింది, కనురెప్పలు పైకెత్తి చూసింది, నాడి పట్టుకుంది. నేను కుర్చీ వైపు చూశాను. ఖాళీ. దాని ముందు పాచిక. పైన ఎంత పడిందో చూడకుండా జేబులో వేసుకున్నాను. నా ధైర్యం అంతవరకే.

"ఏమి సావుకారీ, అట్ల చూస్తాండావు?" అన్నాడు విజయభాస్కర్. "కరెంటు పోయింది, వచ్చింది. పోదాం పా, బస్సు పోతాది."

ఆ పిలుపు నా చెవిన పడింది గానీ మెదడు దాకా పోవడానికి కొంత టైము పట్టింది. నా మెదడుకు అన్నీ ఆలస్యంగానే చేరతాయి. మిల్లుకు తాళం వేసి, వాణ్ణి బస్టాండు దాకా దిగబెట్టడానికి ముగ్గురం నడిచాం. దుమారం తగ్గింది. అంగళ్ళ ముందు మట్టి ఊడుస్తున్నారు. అంతా మామూలుగా ఉంది. కదిరమ్మ ఇచ్చిన సంచి వాడి చేతిలో ఉంది. ఎప్పుడు తీసుకున్నాడో నేను చూడలేదు.

బస్సు కోసం నిలబడి, మాట్లాడుతూ మాట్లాడుతూ, సంచిలోనుంచి ఒక కాయ తీశాడు. నుదుటికేసి కొట్టుకున్నాడు.

టప్.

తొక్క రెండుగా చీలింది. లోపల రెండు గింజలు, ఎర్రగా, నిండుగా. పైపొర ఊది, నోట్లో వేసుకున్నాడు.

జాయ్ తన సంచిలోనుంచి ఇంజెక్షన్ తీసింది. మూత పీకి పట్టుకుని నిలబడింది. వాడి పెదవులు చూస్తోంది. నేనూ చూస్తున్నాను. ఉబ్బుతాయని ఎదురు చూశాను. దేవుడా, ఉబ్బాలని ఎదురు చూశాను.

ఉబ్బలేదు. వాడు ఇంకో కాయ తీశాడు.

"నీకు పడదు గదా భాస్కరా" అంది జాయ్, వినపడీ వినపడనట్టు.

"ఎప్పుడో తగ్గిపోయిందిలే." నమిలి మింగి, దూరంగా మట్టిరంగు ఆకాశం వైపు చూశాడు. "శానా దినాలైంది, కడుపు నిండా తిని."

బస్సు వచ్చింది. ఎక్కాడు.

ఆ తరువాత చాలాసార్లు నాకు నేను నచ్చజెప్పుకున్నాను. ఒక్కోసారి పడనివి పెద్దయ్యాక పడతాయంట, జాయ్ వాళ్ళ డాక్టరే చెప్పాడు. లేదా వాడు మొదటినుంచీ నాటకమాడాడు, తొక్కలన్నీ వాడి పనే, పెండ్లిలో ఉబ్బింది ఇంకేదో తిని. అనుమానించడానికి వీల్లేనివాణ్ణి అనుమానించడం ఎంత హాయిగా ఉంటుందో! వారం రోజులు ఆ హాయిలోనే ఉన్నాను. అప్పుడు వాడి భార్య హరిత ఫోన్ చేసింది.

"అన్నా, ఈయనకు ఏం మందు పెట్టిచ్చినారు? ఇంట్లో దినామూ శెనక్కాయలు నూరి ఊరిబిండి చేయమని అడుగుతాండాడు. నాకైతే సంతోషమే. పాప మాత్రం ఈయన ఎత్తుకుంటే ఊపిరి బిగబట్టి ఏడుస్తాండాది. ఇంతకు ముందు ఈయన చేతిలోనే నిద్రపోయేది గదన్నా."

పిల్లలు అట్లే ఏడుస్తారని చెప్పి పెట్టేశాను.

ఆట మానేశాం. అయినా ప్రతి ఆదివారం నేను మిల్లుకు పోతున్నాను. ఎందుకంటే కదిరమ్మ వస్తుంది. చేతిలో సంచితో, పట్టపగలు, ఎండలో నడిచి వస్తుంది. వద్దని చెప్పే నోరు నాకు లేదు. ఆమె దోసెడు కాయలు ఖాళీ కుర్చీ ముందు మూతలో పోస్తుంది.

"తింటాండాడా మావోడు?"

"తింటాండాడమ్మా" అంటాను.

అబద్ధం. ఆ రోజు నుంచి అందులో ఒక్క కాయ కూడా తగ్గలేదు. కాకపోతే, నేను వచ్చేసరికి మూత ఎప్పుడూ కుర్చీ ముందు ఉండదు. బల్ల అవతలి కొసన, ఇంకొంచెం నెడితే కింద పడేంత అంచున ఉంటుంది. ఒకసారి ఇంట్లోనుంచి గుప్పెడు చింతగింజలు తెచ్చి ఆ కుర్చీ ముందు పెట్టాను. ఎందుకు పెట్టానో జాయ్‌కు కూడా చెప్పలేదు. మరుసటి వారం అవి కుప్పగా లేవు. ప్రాణాలు లెక్క చూసుకున్నట్టు, వరసగా పేర్చి ఉన్నాయి.

పోయిన ఆదివారం కదిరమ్మ కాయలు పోసి వెళ్ళినాక, మూతను నేనే బల్ల మధ్యకు జరిపాను. బయటికి వచ్చి షట్టర్ సగం దించాను. ఎండ మాడుతోంది. మిల్లులో నేను తప్ప ఇంకెవరూ లేరు, నేనూ బయటే ఉన్నాను.

లోపల, బల్ల మీద, రేకు మూత మెల్లగా గీరుకుంటూ జరిగిన చప్పుడు వినపడింది.